నాలుగో వంతుకే సీటు, కానీ పార్టీ ఓటు వదులుకోవాలి: హంగరీ మైనారిటీ ఎన్నికల చట్టంపై ఒక కేస్ స్టడీ

ఒక దేశపు ఎన్నికల చట్టం అక్కడి జాతీయ మైనారిటీలను సరిగా పాల్గొననిస్తోందో లేదో చూడమంటే, చాలామంది ముందుగా "మైనారిటీ" అనే మాటున్న సెక్షన్లన్నీ ఏరి పక్కన పెట్టుకుంటారు. హంగరీ చట్టాన్ని అలా చదివితే మంచి మార్కులు వేసి ఫైలు మూసేయొచ్చు. గుర్తింపు పొందిన 13 మైనారిటీలకూ పార్లమెంటు ఎన్నికల్లో సొంత అభ్యర్థుల జాబితా పెట్టుకునే హక్కుంది. పార్టీలకు ఉన్న 5 శాతం కటాఫ్ వీళ్లకు లేదు. మామూలుగా ఒక సీటుకు పడే ఓట్లలో నాలుగో వంతు తెచ్చుకుంటే సీటు ఇస్తారు. అదీ రాకపోతే జాబితాలో మొదటి పేరున్న మనిషిని సభలో "వక్త"గా కూర్చోబెడతారు. ఇంత ఇచ్చిన చట్టం యూరప్‌లో అరుదే.

అయినా 2022 నవంబరు 10న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఈ ఏర్పాటు మైనారిటీ ఓటర్ల పట్ల వివక్షేనని తేల్చింది. కేసు పేరు బకిర్‌జీ, ఇ.సి. వర్సెస్ హంగరీ. ఫిర్యాదుదారుల్లో ఒకరు గ్రీకు మైనారిటీ, మరొకరు ఆర్మేనియన్.

ఎన్నికల చట్టాల సమీక్ష నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే జూనియర్లకు నేను మొదట ఇచ్చే కేసు ఇదే. మొన్న వచ్చిన అబ్బాయి చట్టం చదివి వచ్చి, "సార్, నాలుగో వంతుకే సీటంటే బంపర్ ఆఫర్ కదండీ, ఇంకేం కావాలి వాళ్లకి?" అన్నాడు. "ఆఫర్ సరే, కింద చిన్న అక్షరాల్లో షరతులేమున్నాయో చూశావా?" అన్నాను. ఆ షరతులు చదివే తీరునే ఇక్కడ రాస్తున్నాను.

నేపథ్యం

హంగరీకి ఈ బాధ్యత 2011లో కొత్తగా వచ్చి పడింది కాదు. పార్లమెంటులో మైనారిటీలకు ప్రాతినిధ్యం కల్పించే చట్టం చేయకపోవడం రాజ్యాంగపరమైన లోపమని ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం 1992లోనే చెప్పింది. 1993లో మైనారిటీల హక్కుల చట్టం వచ్చింది. ఆ తర్వాత ఊళ్ల స్థాయిలోనూ, జాతీయ స్థాయిలోనూ మైనారిటీ స్వపరిపాలన మండళ్లు ఏర్పడ్డాయి. పార్లమెంటు సంగతి మాత్రం రెండు దశాబ్దాలు నానింది. 2011లో కొత్త మౌలిక చట్టం (అంటే రాజ్యాంగం), దాంతోపాటే పార్లమెంటు సభ్యుల ఎన్నికల చట్టం, మైనారిటీల హక్కుల కొత్త చట్టం వచ్చాక గానీ దారి తెరుచుకోలేదు. కొత్త పద్ధతిలో తొలి ఎన్నిక 2014లో జరిగింది.

ఆ 13 మైనారిటీలు ఇవి: రోమా, జర్మన్, రొమేనియన్, స్లొవాక్, క్రొయేషియన్, సెర్బ్, ఉక్రేనియన్, పోలిష్, బల్గేరియన్, గ్రీకు, రుసిన్, ఆర్మేనియన్, స్లొవీన్. కనీసం ఒక శతాబ్దంగా దేశంలో ఉంటేనే ఈ గుర్తింపు దక్కుతుంది. జాబితాలో అందరూ సమానమే, సంఖ్యలో మాత్రం కాదు. 2011 జనాభా లెక్కల్లో రోమాలు 3.15 లక్షలు, జర్మన్లు 1.85 లక్షల పైచిలుకు. ఆర్మేనియన్లు మూడున్నర వేలు. స్లొవీన్లు మూడు వేల లోపే. ఈ లెక్కలు మనిషి తనంతట తాను చెప్పుకున్నవి. రోమాల అసలు సంఖ్య ఇంతకు రెట్టింపు పైనే ఉంటుందని అంచనాలున్నాయి. ఎందుకు చెప్పుకోరో అక్కడి సమాజంలో రోమాల మీదున్న చిన్నచూపు తెలిసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

వీళ్లు ఒకచోట కూడి లేరు కూడా. జర్మన్లు బరాన్య, తోల్నా జిల్లాల్లోనూ బుడాపెస్ట్ చుట్టుపక్కలా ఉంటారు. స్లొవాక్‌లు బేకేష్ వైపు, రోమాలు ఎక్కువగా ఈశాన్యంలో. పార్లమెంటులో 199 సీట్లు. వాటిలో 106 నియోజకవర్గాలవి, 93 దేశవ్యాప్త జాబితాలవి, జాబితాలకు కలిసే ఓట్లను బట్టి పంచేవి. ఆ 106లో ఏ ఒక్క చోటా ఏ మైనారిటీ కూడా తన సొంత బలంతో అభ్యర్థిని గెలిపించుకోగలిగేంత గుంపుగా లేదు. అందుకే ఈ దేశంలో నియోజకవర్గాల హద్దుల మీద నేను ఎక్కువ సమయం పెట్టను. ఆట అంతా ఆ 93 సీట్ల దగ్గరే ఉంది.

దేనితో కొలవాలి

కొలబద్దలు కొత్తగా కనిపెట్టే పని లేదు. జాతీయ మైనారిటీల రక్షణ ఫ్రేమ్‌వర్క్ ఒప్పందం (1995) 15వ అధికరణం ప్రజా వ్యవహారాల్లో నిజంగా పాల్గొనే పరిస్థితులు కల్పించమంటుంది. అదే ఒప్పందం 3వ అధికరణం ప్రకారం, తనను మైనారిటీగా చూడాలో వద్దో తేల్చుకునే హక్కు ఆ మనిషిదే. ఎటు తేల్చుకున్నా అతనికి నష్టం కలగకూడదు. ప్రజా జీవితంలో మైనారిటీల భాగస్వామ్యంపై వచ్చిన లుండ్ సిఫార్సులు (1999), ఎన్నికల ప్రక్రియలో మైనారిటీల భాగస్వామ్యంపై యూరప్ భద్రత, సహకార సంస్థ 2001లో తెచ్చిన మార్గదర్శకాలు వివరాల్లోకి వెళ్తాయి. యూరప్ దేశాలకు రాజ్యాంగ విషయాల్లో సలహాలిచ్చే వెనిస్ కమిషన్ ఎన్నికల నియమావళి (2002) రెండు మాటలు పక్కపక్కనే చెబుతుంది. మైనారిటీలకు సీట్లు కేటాయించినా, కటాఫ్ సడలించినా సమాన ఓటు సూత్రానికి విరుద్ధం కాదంటుంది. ఆ వెంటనే, అభ్యర్థినిగానీ ఓటరునుగానీ తన మైనారిటీ గుర్తింపు బయటపెట్టమని బలవంతం చేయకూడదంటుంది.

హంగరీ చట్టం మొదటి మాటను పాటించింది. చిక్కు రెండోదాని దగ్గర.

నా పద్ధతి మోటుగా ఉంటుంది. సెక్షన్లను వరుసగా సమీక్షించను. ఒకే వీధిలో ఉండే ఇద్దరు ఓటర్లను ఊహించుకుంటాను. ఒకరు హంగేరియన్, ఇంకొకరు ఆర్మేనియన్. ఇద్దరినీ ఓటర్ల నమోదు నుంచి సీట్ల పంపకం దాకా పక్కపక్కనే నడిపిస్తాను. ఎక్కడ విడిపోతారో అక్కడ ఆగి, ఆ తేడా ఎవరికి లాభమో రాసుకుంటాను.

ఇద్దరు ఓటర్లు

మొదటి తేడా పోలింగ్‌కు ఎంతో ముందే వస్తుంది. హంగేరియన్ ఓటరు ఏమీ చేయనక్కర్లేదు, చిరునామా ఉంటే జాబితాలో పేరుంటుంది. ఆర్మేనియన్ ఓటరు తన జాబితాకు ఓటేయాలంటే, తాను ఆర్మేనియన్‌నని రాసిచ్చి మైనారిటీ ఓటర్ల రిజిస్టరులో చేరాలి. పార్లమెంటు ఎన్నికకూ ఈ నమోదు వర్తించాలని విడిగా కోరాలి.

పోలింగ్ రోజున బూత్‌లో హంగేరియన్‌కు రెండు బ్యాలెట్లు ఇస్తారు. నియోజకవర్గ అభ్యర్థికి ఒకటి, పార్టీల జాబితాకు ఒకటి. ఆర్మేనియన్‌కూ రెండే. నియోజకవర్గం బ్యాలెట్ అదే. రెండో బ్యాలెట్ మీద మాత్రం పార్టీలు ఉండవు. ఆర్మేనియన్ జాబితా ఒక్కటే ఉంటుంది. నమోదు చేసుకున్న క్షణాన పార్టీల జాబితాకు ఓటేసే హక్కు పోయింది. దేశాన్ని ఎవరు పాలించాలి, పన్నులెలా ఉండాలి, ఆస్పత్రులకు ఎంత ఖర్చు పెట్టాలి అన్న ప్రశ్నల మీద 93 సీట్లకు సంబంధించి ఆ మనిషి గొంతు అక్కడితో ఆగిపోతుంది.

ఆ రెండో బ్యాలెట్‌ను కాస్త దగ్గరగా చూడండి. దాని మీద ఉన్నది ఒకే జాబితా. పెట్టినవాళ్లు జాతీయ స్థాయి ఆర్మేనియన్ స్వపరిపాలన మండలి. మండలి తప్ప మరెవరూ పెట్టడానికి వీల్లేదు. జాబితాలో పేర్ల వరుస కూడా వాళ్లే ఖాయం చేస్తారు, ఓటరు మార్చలేడు. ఉన్న ఒక్క జాబితాకు గుర్తు పెట్టాలి, లేదా ఖాళీగానో చెల్లకుండానో వదిలేయాలి. దీన్ని ఎన్నిక అనడానికి నాకు నోరు రాదు. మండలి నాయకత్వం నచ్చని ఆర్మేనియన్‌కు ఆ బ్యాలెట్ మీద చోటే లేదు.

రహస్యం సంగతీ అక్కడే తేలిపోతుంది. ఒక మనిషి మైనారిటీ ఓటరుగా నమోదయ్యాడని తెలిసి, అతను ఓటేసి వచ్చాడని తెలిస్తే, ఎవరికి వేశాడో ఊహించడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు. జాబితా ఒకటేగా. పెట్టెకు తాళం ఎంత గట్టిదైనా ఉపయోగం లేదు. ఈ లోపం చట్టంలో ఎక్కడా ఒక వాక్యంగా కనిపించదు, సెక్షన్లు మాత్రమే చదివేవాళ్ల కళ్లు దీన్ని దాటిపోతాయి. న్యాయస్థానం మాత్రం దాటిపోలేదు. తీర్పులో ఎత్తిచూపిన మూడు విషయాల్లో ఓటు రహస్యం ఒకటి.

లెక్క

జూనియర్లు సాధారణంగా జారుకునేది ఇక్కడే, అంకెలంటే మా లాయర్లకు ఎప్పుడూ అనుమానమే. కానీ ఈ చట్టం గుట్టంతా అంకెల్లోనే ఉంది.

సీటుకు కావాల్సిన ఆ నాలుగో వంతును, అంటే రాయితీ కోటాను, ఎలా కడతారంటే, దేశవ్యాప్తంగా పార్టీ జాబితాలకూ మైనారిటీ జాబితాలకూ వచ్చిన ఓట్లన్నీ కలుపుతారు. దానికి నియోజకవర్గాల నుంచి వచ్చే "మిగులు ఓట్లు" కలుపుతారు. మొత్తాన్ని 93తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 4తో భాగిస్తారు. 2014లో ఆ మొత్తం సుమారు 82 లక్షలు. 93తో భాగిస్తే 88 వేలు, అందులో నాలుగో వంతు 22 వేల చిల్లర. ఒక మైనారిటీ జాబితా అన్ని ఓట్లు తెచ్చుకుంటే ఒక సీటు.

ఆ మిగులు ఓట్ల దగ్గర ఆగాలి. నియోజకవర్గంలో ఓడిన అభ్యర్థుల ఓట్లు వాళ్ల పార్టీ జాబితాకు కలుస్తాయి. గెలిచిన అభ్యర్థికి అవసరానికి మించి పడ్డ ఓట్లు కూడా అతని పార్టీకే కలుస్తాయి. ఇదంతా పార్టీల మధ్య ఆట. అయినా ఆ మొత్తం మైనారిటీల కోటాను పెంచుతుంది. మిగులు ఓట్లు కలపకపోతే 2014 కోటా సుమారు 13,500 దగ్గర ఉండేది. అంటే పెద్ద పార్టీలు నియోజకవర్గాల్లో ఎలా గెలిచాయి, ఎలా ఓడాయి అన్నదాన్ని బట్టి ఆర్మేనియన్ల గీత పైకో కిందికో జరుగుతుంది. పోలింగ్ శాతం పెరిగినా గీత పైకే. ఎన్నిక ముగిసేదాకా ఎంత తెచ్చుకోవాలో వాళ్లకే తెలియదు.

ఇక ఆ 22 వేలను 2011 జనాభా లెక్కల పక్కన పెట్టండి. సెర్బులు సుమారు పది వేలు. ఉక్రేనియన్లు, పోల్‌లు ఏడు వేల చొప్పున, బల్గేరియన్లు ఆరు వేల పైన, గ్రీకులు నాలుగున్నర వేల చిల్లర, రుసిన్లు నాలుగు వేల లోపు, ఆర్మేనియన్లు మూడున్నర వేలు, స్లొవీన్లు అంతకన్నా తక్కువ. ఈ 8 మైనారిటీల్లో పుట్టిన పసిపిల్లాడి నుంచి మంచం పట్టిన ముసలివాళ్ల దాకా అందర్నీ బూత్‌కు మోసుకెళ్లినా కోటా అందదు. క్రొయేషియన్లు 27 వేల లోపే కాబట్టి, పిల్లల్ని తీసేస్తే వాళ్లదీ అదే కథ. రొమేనియన్లు, స్లొవాక్‌లు 35 వేల చొప్పున ఉన్నారు. వాళ్లకు కాగితం మీద సాధ్యమే, కానీ ఓటు హక్కున్న దాదాపు ప్రతి ఒక్కరూ నమోదు చేసుకుని, పార్టీ ఓటు వదులుకుని, ఈ ఒక్క జాబితాకే గుద్దాలి. నిజంగా దారి ఉన్నది 13లో ఇద్దరికే. జర్మన్లకు, రోమాలకు.

2014లో ఏమైందో చూడండి. గ్రీకు, ఆర్మేనియన్ జాబితాలకు చెరో వంద చిల్లర ఓట్లు. జర్మన్ జాబితాకు 11 వేల పైన, రోమా జాబితాకు 4 వేల చిల్లర. 13లో ఒక్కరికీ సీటు రాలేదు, 13 మందీ వక్తలయ్యారు.

కోటా ఇంతకన్నా తగ్గించి తీరాలని యూరోపియన్ మానవ హక్కుల కన్వెన్షన్ ఏ దేశాన్నీ నిర్బంధించదు. స్ట్రాస్‌బర్గ్ కూడా అలా అనలేదు. కానీ ఒక వ్యవస్థను మైనారిటీల కోసమే అని పెట్టాక, అందులో అడుగుపెట్టిన మనిషి బయట ఉన్నవాళ్ల కన్నా తక్కువైపోతే అది వివక్ష అవుతుంది. గ్రీకులకు, ఆర్మేనియన్లకు ఎన్నటికీ అందని గీత గీసి, ఆ గీత కోసం పరుగెత్తాలంటే పార్టీ ఓటు వదులుకోమని చెప్పింది చట్టం. అందని కోటా, ఎంపిక లేని జాబితా, దాగని ఓటు. ఈ మూడూ కలిసి కన్వెన్షన్ మొదటి ప్రోటోకాల్ 3వ అధికరణాన్ని (స్వేచ్ఛాయుత ఎన్నికల హక్కు), 14వ అధికరణంతో (వివక్ష నిషేధం) కలిపి చూస్తే, ఉల్లంఘించాయని తీర్పు. ఏ ఒక్క లోపాన్నో విడిగా పట్టుకుని ఉంటే ఫలితం ఇంత స్పష్టంగా ఉండేది కాదని నా అంచనా.

ఎదుటి వాదన

ప్రభుత్వం వైపు వాదనను తేలిగ్గా తోసేయకూడదు. నమోదు స్వచ్ఛందం, ఎవరినీ బలవంతపెట్టలేదు. నమోదు లేకుండా వదిలేస్తే ఏమవుతుందో హంగరీ ఒకసారి చూసింది కూడా. తొలినాళ్లలో స్వపరిపాలన మండళ్ల ఎన్నికల్లో ఎవరైనా ఓటేయొచ్చు, ఎవరైనా నిలబడొచ్చు. 2002లో యాస్‌లాదాన్య్ అనే ఊళ్లో రోమా మండలికి రోమాలు కాని వాళ్లే ఎక్కువమంది ఎన్నికయ్యారు. వాళ్లలో ఆ ఊరి మేయర్ భార్య కూడా ఉన్నారు. ఆ మేయర్‌కూ స్థానిక రోమాలకూ అప్పటికే పడదు. ఇలాంటివి చూశాకే 2005లో మైనారిటీ ఓటర్ల రిజిస్టరు పెట్టారు. కాబట్టి రిజిస్టరు పెట్టడం వెనక దురుద్దేశం ఉందని నేను రాయను. సొంత మండలిని ఎన్నుకోవడానికి రిజిస్టరు ఉండటం ఒకటి. దేశ పార్లమెంటులో పార్టీ ఓటు పోగొట్టుకోవడానికి అదే రిజిస్టరు కారణం కావడం వేరొకటి.

రెండో వాదన జర్మన్లది. 2018లో జర్మన్ జాబితాకు 26 వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి, కోటా 24 వేల లోపు. ఇమ్రే రిట్టర్ సభ్యుడయ్యారు. 2022లో కూడా 24 వేల పైన ఓట్లతో ఆ సీటు నిలిచింది. "సాధ్యమేనని తేలిపోయిందిగా" అంటారు. తేలింది ఏమిటంటే, దేశంలో రెండో అతిపెద్ద మైనారిటీ, చక్కటి సంస్థాగత బలం ఉన్నది, ఊరూరా నమోదు ప్రచారం చేసి ఒక్క సీటు తెచ్చుకోగలదని. అప్పుడు కూడా ఆ పాతిక వేల మంది తమ పార్టీ ఓటును అందుకు ధారపోశారు. పాతిక వేల ఓట్లు కూడగట్టగల గుంపు ఒక పెద్ద పార్టీతో బేరమాడితే, ఆ పార్టీ జాబితాలో గెలిచే చోటు ఒకటి దొరకదా అని కూడా అడగాలి. రిట్టర్ సభలో ముఖ్యమైన ఓటింగుల్లో తరచూ పాలకపక్షం వైపే నిలిచారు. అది ఆయన ఇష్టం, సభ్యుడిగా ఆయన హక్కు. కానీ జర్మన్లలో ప్రతిపక్షానికి ఓటేయాలనుకున్న వాళ్ల గతేమిటన్న ప్రశ్న మళ్లీ ఆ ఒంటరి జాబితా దగ్గరికే వెళ్తుంది.

వక్తలు

సీటు రాని మైనారిటీల వక్తకు సభలో కూర్చునే చోటుంది, మాతృభాషలో మాట్లాడే వీలుంది, మైనారిటీల కమిటీలో సభ్యత్వం ఉంది. ప్లీనరీలో ఓటు లేదు. మైనారిటీల ప్రయోజనాలకు సంబంధించిన అంశమని సభా కమిటీ అనుకుంటేనే అక్కడ మాట్లాడే అవకాశం. బడ్జెట్‌లో స్కూళ్ల కేటాయింపు స్లొవాక్‌లకు సంబంధించిన అంశమా కాదా అన్నది స్లొవాక్‌లు తేల్చుకోలేరు.

మన దగ్గర ఆంగ్లో-ఇండియన్ నామినేటెడ్ సభ్యులు ఉండేవారు. తెలంగాణ శాసనసభలో ఎన్నికైన 119 మందితో పాటు ఒకరు అలా ఉండేవారు. 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరిలో ఆ ఏర్పాటు ముగిసింది. ఎన్నిక లేకుండా నామినేట్ చేయడం మీద విమర్శలు ఎన్నున్నా, ఆ సభ్యుడికి సభలో ఓటు ఉండేది. హంగరీ వక్త ఎన్నికల్లో నిలబడి వచ్చినా చెయ్యెత్తలేడు. ఇంకొకటి కూడా మన చరిత్ర తెలిసినవాళ్లకు తట్టక మానదు. 1932 కమ్యూనల్ అవార్డు అణగారిన కులాలకు ప్రత్యేక నియోజకవర్గంలో ఒక ఓటు, సాధారణ నియోజకవర్గంలో మరొకటి, రెండూ ఇచ్చింది. పూనా ఒప్పందంతో అది పోయి ఉమ్మడి ఓటర్లతో రిజర్వుడు సీట్లు వచ్చాయి. రెండింటిలో ఏది మేలన్న వాదన మనకు ఇప్పటికీ ఉంది. హంగరీ ఏర్పాటు ఈ రెండూ కాదు. ప్రత్యేక ఓటు ఇచ్చి సాధారణ ఓటు తీసేసుకోవడం రెండు వైపుల నష్టాన్నీ ఒకే మనిషి మీద వేయడమే.

పొరుగు దేశాలు

ఇవన్నీ తప్పించుకోలేని ఇబ్బందులేనా అంటే, కావు. స్లొవేనియా తన 90 సీట్ల సభలో ఇటాలియన్లకు ఒకటి, హంగేరియన్లకు ఒకటి కేటాయించింది. ఆ ఓటర్లకు మైనారిటీ సీటుకు ఒక ఓటు, మామూలు ఎన్నికకు ఒక ఓటు. రెండు ఓట్లేమిటని అక్కడా సణుగుడు ఉంది. కానీ మైనారిటీ మనిషి దేనినీ వదులుకోనక్కర్లేదు. రొమేనియాలో సాధారణ కటాఫ్ దాటలేని మైనారిటీ సంస్థలకు, మరీ చిన్న గీత దాటితే చాలు, దిగువసభలో ఒక్కో సీటు ఇస్తారు. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టయిన్ రాష్ట్రంలోని డేనిష్ మైనారిటీ పార్టీకి 5 శాతం కటాఫ్ వర్తించదు. ఆ పార్టీ 2021లో జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్‌లో ఒక సీటు కూడా తెచ్చుకుంది. అక్కడ ఓటరు తాను డేనిష్ అని ఎక్కడా రాసివ్వడు. బూత్‌లో తెర వెనక ఆ పార్టీకి గుర్తు పెడతాడు, అంతే. పోలండ్‌దీ కటాఫ్ మినహాయింపు దారే. అయితే 2023లో అక్కడి జర్మన్ మైనారిటీ దశాబ్దాలుగా ఉన్న సీటు పోగొట్టుకుంది. మినహాయింపు సీటుకు హామీ కాదు. ఓడిపోయే స్వేచ్ఛ కూడా అందులో ఉంది, ఆ పద్ధతిలో నాకు నచ్చేది కూడా అదే.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పకుండా ఉండలేను. రొమేనియాలోని హంగేరియన్లు తమ సొంత పార్టీతో మామూలు కటాఫ్ దాటి పార్లమెంటుకు వెళ్తున్నారు, ప్రభుత్వాల్లోనూ భాగమయ్యారు. సరిహద్దు బయట ఉన్న తన మైనారిటీల హక్కుల గురించి బుడాపెస్ట్ చాలా పట్టుదలగా మాట్లాడుతుంది, అందులో న్యాయం ఉంది కూడా. దేశంలో నివాసం లేని హంగరీ పౌరులకు పార్టీ జాబితాకు ఓటేసే హక్కూ 2011 చట్టమే ఇచ్చింది. రొమేనియాలోని క్లూజ్‌లో ఉండే ఆ ఓటరు పార్టీ జాబితాకు ఓటేయగలడు. బుడాపెస్ట్‌లో పుట్టి పెరిగి ఆర్మేనియన్‌గా నమోదైన మనిషి వేయలేడు.

నా సిఫార్సులు

మొదటిది, అన్నిటికన్నా చవకైనది: మైనారిటీ ఓటరుకు పార్టీల బ్యాలెట్ కూడా ఇవ్వాలి. స్లొవేనియాలా రెండు ఓట్లు లెక్కించడానికి మనసొప్పకపోతే, రెండు బ్యాలెట్లూ చేతికిచ్చి తెర వెనక ఏదో ఒకటి ఎంచుకోమనొచ్చు. అంతకన్నా మేలు, పార్టీలతో పాటు మైనారిటీ జాబితా కూడా ఉన్న ఒకే బ్యాలెట్. ఎలా చేసినా నిర్ణయం నమోదు ఫారం దగ్గర కాకుండా పోలింగ్ రోజున జరుగుతుంది. రహస్యమూ చాలావరకు తిరిగి వస్తుంది.

రెండోది కోటా. మిగులు ఓట్లను అందులోంచి తీసేయడం కనీస పని. అది చేసినా చిన్న మైనారిటీలకు ఏమీ ఒరగదు, 13 వేలు కూడా ఆర్మేనియన్లకు అందదు. ఒక్కొక్కరికీ ఒక్కో సీటు హామీ ఇస్తే, వంద ఓట్లతో ఒకరు పార్లమెంటు సభ్యుడయ్యే పరిస్థితి వస్తుంది. వెనిస్ కమిషన్ నియమావళి దాన్ని సూత్రరీత్యా అడ్డుకోదు గానీ, మిగతా ఓటర్లు దాన్ని ఎంతకాలం న్యాయమనుకుంటారో నాకు అనుమానమే. క్రొయేషియాలో మైనారిటీలకు 8 సీట్లుంటే, చిన్నవాళ్లను గుంపులుగా కట్టి కొన్ని సీట్లు పంచారు. బల్గేరియన్‌కూ రుసిన్‌కూ ఉమ్మడి ప్రయోజనాలేమున్నాయని అడిగితే, మాతృభాషా స్కూళ్లు, ప్రసార సమయం, మండళ్లకు నిధులు ఉన్నాయి. సభలో వీటి కోసం చెయ్యెత్తగల ఒకరో ఇద్దరో ఉంటే, చెయ్యెత్తలేని వక్తలు పది మంది ఉన్నదాని కన్నా నయం. నేనైతే ఆ దారే రాస్తాను.

మూడోది జాబితాలు పెట్టే హక్కు. దీన్ని జాతీయ మండళ్ల గుత్తాధిపత్యం నుంచి విడిపించాలి. మైనారిటీ సంఘాలు కూడా, నిర్ణీత సంతకాలతో, పోటీ జాబితాలు పెట్టగలగాలి. ఉన్న కొద్ది ఓట్లూ చీలిపోతాయన్న భయం నిజమే. కానీ ఆ గుత్తాధిపత్యం ఖరీదు ఏమిటో 2022లో రోమాల విషయంలో తేలింది. జాతీయ రోమా మండలిలో అంతర్గత తగాదాలు ముదిరి, గడువులోగా జాబితానే పెట్టలేకపోయింది. మండలి పెట్టకపోతే మరెవరూ పెట్టడానికి చట్టంలో దారి లేదు. జాబితా లేదు కాబట్టి సీటుకు పోటీ లేదు. సీటు సంగతి అటుంచి, వక్త కూడా లేడు. కొద్దిపాటి ఓట్లే వచ్చిన స్లొవీన్లకు సభలో మాట్లాడే మనిషి దొరికాడు. దేశంలోకెల్లా అతిపెద్ద మైనారిటీకి ఆ పార్లమెంటులో వక్త కుర్చీ కూడా లేకుండా పోయింది. మండలి చేతులెత్తేస్తే గడువు తర్వాత కూడా సంఘాలు జాబితా పెట్టుకునేలా ఒక చిన్న సెక్షన్ చేరిస్తే సరిపోయేది. సమీక్ష నివేదికలో నేను దాన్నే మొదటి పేజీలో పెడతాను.